బ్రాకెట్లో రెండే పేర్లు

గురువారం మధ్యాహ్నం ఒంటిగంటా యాభై అయిదుకి తొమ్మిదో నంబరు గది తలుపు నా కోసం తెరిచారు. నా ఫోన్ బయట బల్ల మీద పెట్టించుకున్నారు. లోపలికి ఫోన్లు తేకూడదని ఇన్‌స్పెక్టర్ ఆర్డరట. కాపలా ఉన్న మహిళా కానిస్టేబులు ఫోను కూడా ఆ బల్ల మీదే ఉంది.

గదిలో పన్నెండు కుర్చీలు, ఒక తెర. పాత ఫిల్ములు వేసి చూసుకునే గది అది. కిటికీ లేదు. తలుపు ఒకటే, దానికి బయటి నుంచి తాళం. మూడో వరసలో, కాళ్ళు కుర్చీ మీదికి ముడుచుకుని మా అక్క కూతురు కూర్చుని ఉంది. హత్య చేసిందని పోలీసులు చెబుతున్న మనిషి అదే. మూడున్నరకి జీపెక్కించి మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళతారు. జైలుకి పంపాక బెయిలు తేవడం నా వల్ల కాదని లాయరు ముందే చేతులెత్తేశాడు.

"పిన్నీ, నేను రెండే నొక్కాను," అంది నన్ను చూడగానే.

"మొదటి నుంచి చెప్పు. టైములతో సహా చెప్పు. ఏడుపు తరవాత ఏడుద్దువుగాని."

కటువుగానే అన్నాను. దాన్ని దగ్గరికి తీసుకుంటే ఇద్దరం ఏడుస్తూ కూర్చుంటాం, టైము కాస్తా అయిపోతుంది. ఇరవై ఏళ్ళు ప్రోగ్రాములు రాసి, అవి చేసిన తప్పులకి నేను తిట్లు తిని తిని విసిగి, మనుషులు చేసే తప్పులు వెతికే పనికి మారినదాన్ని నేను. ఈ పిల్లకి ప్రోగ్రాములు రాయడం నేర్పింది కూడా నేనే. ఆ సంగతి మా అక్క నిన్న ఫోనులో మూడుసార్లు గుర్తు చేసింది.

అది కళ్ళు తుడుచుకుని చెప్పింది. అది పనిచేసే ఈ భవనంలో నంబర్లున్న గదులు పదకొండు, ఈ గది తప్ప అన్నింటి నిండా పాత ఫిల్ము రీళ్ళు. నిప్పు రవ్వ చాలు, అంటుకుంటాయి. నీళ్ళు కొడితే రీళ్ళు పాడవుతాయి కాబట్టి ప్రతి గదికీ ఒక గ్యాసు గొట్టం. ఆ గ్యాసు గదిలోని గాలిని తరిమేసి మంటని ఆర్పుతుంది. మంటకి కావలసిన గాలే మనిషికీ కావాలి. అందుకే గ్యాసు వదిలే ముందు ఆ గదిలో సైరన్ మోగుతుంది, ముప్ఫై సెకన్లు టైమిస్తుంది.

"గడువు తీరిన సిలిండర్లని ఏడాదికోసారి ఖాళీ చేసి కొత్తవి బిగిస్తాం పిన్నీ. ఒక్కసారికి రెండు గదులే. లోపల ఎవరూ లేరని చూసుకుని, కంట్రోల్ రూములో కంప్యూటర్ ముందు కూర్చుని, ఫారంలో రెండు నంబర్లు వేసి బటన్ నొక్కాలి."

"మంగళవారం ఏ గదులు?"

"రెండు, అయిదు. పదకొండూ పదిహేనుకి నొక్కాను. నొక్కి సిలిండర్ల గదికి పరిగెత్తాను."

"అక్కడేం పని?"

"సిలిండర్ల మీటర్లలో ముళ్ళు కిందికి పడుతున్నాయో లేదో చూడాలి కదా. ప్రతిసారీ వెళతాను."

"ఎన్ని సిలిండర్లు ఖాళీ అయ్యాయి?"

"ఆ చప్పుడుకి చెవులు మూసుకునే పట్టీ పెట్టుకున్నాను. నా ముందున్న రెండు ముళ్ళకేసే చూశాను. పక్కకి చూడలేదు. పక్కకి చూసి ఉంటే బాగుండేది."

అదే టైముకి ఏడో నంబరు గదిలో రీళ్ళు చూసుకునే స్టోర్‌కీపరు ముసలాయన ఊపిరాడక చనిపోయాడు. అందరూ ఆయన్ని రీళ్ళ తాత అంటారు. నలభై ఏళ్ళుగా ఇక్కడే పని. పదకొండున్నరకి టీ పట్టుకెళ్ళిన ప్యూను తలుపు తీసి చూసి కేకలు పెట్టాడు.

"తాత ఏడో గదిలో ఉన్నాడని నీకు తెలుసా?"

"తెలుసు. రోజూ ఆ టైముకి అక్కడే ఉంటాడు. నేను నొక్కింది ఏడు కాదుగా."

"సోమవారం మీ ఇద్దరికీ ఏం గొడవ?"

తలవంచుకుంది. ఏడో గదిలో డబ్బాలు తేలిగ్గా అనిపిస్తున్నాయని తాతకి అనుమానం వచ్చిందట. మూత తీస్తే కొన్నింట్లో రీళ్ళే లేవట. ఏడో గది తలుపు ఎవరెవరు ఎప్పుడెప్పుడు తీశారో కంప్యూటర్లోంచి కాగితం తీసిమ్మని దీన్ని అడిగాడు. ఇది వెళ్ళి మేనేజరు అనుమతి అడిగింది. ఆయన వద్దన్నాడు. ఆ మాట చెబితే తాత కోపంతో పదిమంది ముందూ దీన్ని తిట్టాడు. పోలీసులకి ఆ పదిమందీ అదే చెప్పారు.

"పాపమనిపించి మంగళవారం పొద్దున ఇచ్చేశాను పిన్నీ. పదీ నలభైకి. అది పట్టుకుని మేనేజర్ గారి గదికేసి వెళ్ళాడు. మళ్ళీ మనిషిని చూడలేదు."

"ఈ మాట ఇన్‌స్పెక్టరుకి చెప్పావా?"

"చెప్పాను. ఆ కాగితం తాత జేబులో దొరకలేదుట. అబద్ధమన్నారు."

నేను లేచాను. కానిస్టేబులు గడియారం చూసి, "ఒంటిగంటా నలభైకి తెచ్చి కూర్చోబెట్టాం మేడమ్, అప్పట్నుంచి మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు," అంది మెల్లగా. ఆ గదిలో ఆ పిల్ల మీద జాలి పడిన మనిషి ఇంకొకరు ఉన్నారని కాస్త ధైర్యం వచ్చింది.

సిలిండర్ల గదిలో ఇన్‌స్పెక్టర్ నా కోసం ఎదురుచూస్తున్నాడు. ఎదురుచూడటం అంటే ప్రేమతో కాదు. రెండేళ్ళ క్రితం ఒక కేసులో ఆయన పట్టుకున్న దొంగ దొంగ కాదని నేను తేల్చాను. అప్పటి నుంచి నేనంటే ఆయనకి కంట్లో నలుసు. ప్రతి పనికీ టైము రాసుకునే చిన్న పుస్తకం చేతిలో ఉంది.

"రెండూ పదిహేడు," అన్నాడు దాంట్లో రాసుకుంటూ. "మీకు పది నిమిషాలు. ఏదీ ముట్టుకోకండి."

"మీ లెక్క ఏమిటో ఒకసారి చెప్పండి. ఎక్కడ తప్పిందో చూస్తాను."

ఆయన మొహం ముడుచుకున్నాడు గానీ చెప్పాడు. "కంప్యూటర్ తను చేసిందంతా రాసుకునే లాగ్‌లో రెండు గదులే ఉన్నాయి. రెండు, అయిదు. ఏడు లేదు. సైరన్ కూడా ఆ రెండు గదుల్లోనే మోగింది, విన్నవాళ్ళున్నారు. అంటే ఏడో గదికి గ్యాసు కంప్యూటర్ పంపలేదు. చేత్తో తిప్పారు. ఈ గదికి కార్డు గీసి ఆ టైములో వచ్చింది ఒక్క మనిషే. పదకొండూ పదిహేనుకి మీ అమ్మాయి. ఇంక తిరుగేముంది?"

నిజంగానే తిరుగు లేదు. ఆ మాట పైకి తెలియనివ్వకుండా గోడకి వరసగా నిలబెట్టిన ఎర్ర సిలిండర్ల దగ్గరికి వెళ్ళి, ఏడు అని రాసి ఉన్న దాని ముందు వంగాను.

ప్రతి సిలిండరు నెత్తి మీదా రెండు ఉన్నాయి. ఒకటి చేత్తో తిప్పే పిడి. రెండోది కరెంటు వస్తే పనిచేసే చిన్న ఇత్తడి పెట్టె. కరెంటు రాగానే ఆ పెట్టెలోంచి ఒక మేకు బయటికి పొడుచుకొచ్చి వాల్వుని తెరుస్తుంది. మళ్ళీ లోపలికి నెట్టాలంటే దానికి వేరే పనిముట్టు ఉండాలి. ఏడో సిలిండరు పిడి మీద సాలెగూడు. తెగలేదు, చెదరలేదు. మేకు మాత్రం అంగుళం బయటికి వచ్చి ఉంది.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఇలా రండి. ఆ పిడి తిప్పిన చెయ్యి సాలెగూడు తెగకుండా ఎలా తిప్పింది?"

ఆయన వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఈ మేకు చూడండి. కరెంటు వస్తేనే ఇది బయటికొస్తుంది. కరెంటు పంపేది కంప్యూటర్. చేత్తో తిప్పారన్న మాట ఇక్కడితో చెల్లు."

"మరి లాగ్ సంగతి?" అన్నాడు నడుం నిలబెడుతూ. "మా కంప్యూటర్ మనిషి ఆ ప్రోగ్రాము చదివాడు. గ్యాసు వదిలే ఫంక్షన్ బ్రాకెట్లో రెండే పేర్లున్నాయి. మొదటి గది, రెండో గది. మూడోది దానికి పట్టనే పట్టదు."

"మీవాడు ఎంతవరకూ చదివాడు?"

"మొదటి పంక్తి. అది చాలదా?"

చాలదు. కానీ నాకు అప్పటికి తెలిసింది కూడా అంతే. కంట్రోల్ రూముకి దారెటు అని అడిగాను. ఆయన పుస్తకంలో రెండూ ముప్ఫై అని రాసుకుని నా వెనకే వచ్చాడు, నేనేం ముట్టుకుంటానో అని.

కంట్రోల్ రూములో మేనేజరు లేచి నిలబడి కుర్చీ జరిపాడు. యాభై ఏళ్ళ మనిషి, మెత్తటి మాట, ఇస్త్రీ నలగని చొక్కా. "మీ అమ్మాయి నా కూతురు లాంటిది మేడమ్. ఇలా జరుగుతుందని కలలో కూడా అనుకోలేదు," అన్నాడు. నేను అడక్కముందే ప్రోగ్రాము తెర మీద పెట్టాడు. ఇంత మర్యాద చూపించేవాళ్ళంటే నాకెందుకో మొదటి నుంచీ గిట్టదు.

మొదటి పంక్తిలో రిలీజ్ అనే ఫంక్షన్ పేరు, బ్రాకెట్లో రెండు పేర్లు. పోలీసుల మనిషి ఇక్కడ ఆగిపోయాడు. నేను కిందికి చదివాను. రెండో పంక్తి ఆ రెండు గదుల్లోనూ సైరన్ మోగించమంటుంది. మూడోది ఆ రెండు నంబర్లనీ లాగ్‌లో రాయమంటుంది. నాలుగో పంక్తి దగ్గర ఆగాను.

ప్రోగ్రాములు రాయనివాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. ఫంక్షన్ అంటే ఒక పనికి పెట్టిన పేరు. ఆ పేరుతో పిలిచి, పక్కన బ్రాకెట్లో దానికి కావలసినవి అందిస్తాం. ఎన్ని కావాలో రాసినవాడు మొదటి పంక్తిలో చెబుతాడు. చాలా భాషలు ఆ లెక్క తప్పితే ఒప్పుకోవు. రెండడిగితే మూడిచ్చావేమని గుమ్మంలోనే నిలబెట్టేస్తాయి. ఈ ప్రోగ్రాము రాసిన జావాస్క్రిప్ట్ భాషకి ఆ పట్టింపు లేదు. రెండడిగిన చోట ఒకటివ్వండి, పదివ్వండి, నోరెత్తదు. తక్కువైతే ఇవ్వనిదాన్ని లేదనుకుని పని సాగిస్తుంది. ఎక్కువైతే, వాటికి పేర్లు లేకపోయినా, వచ్చినవన్నీ కలిపి ఆర్గ్యుమెంట్స్ అనే ఒక మూటలో ఉంచుతుంది. ఆ మూట విప్పమని రాసిన పంక్తికి అన్నీ దొరుకుతాయి. రాయని పంక్తికి మొదటి రెండే కనబడతాయి.

నాలుగో పంక్తి మూట విప్పుతోంది. మూటలో ఎన్ని గదులుంటే అన్నింటికీ, ముప్ఫై సెకన్ల తరవాత, గ్యాసు.

"సైరన్ రెండింటికే. లాగ్ రెండింటికే. గ్యాసు మాత్రం ఎన్నొస్తే అన్నింటికీ," అన్నాను. "మూడో గదిలో ఉన్న మనిషికి గ్యాసు వస్తుందని చెప్పేవాళ్ళే ఉండరు. రాసుకునేవాళ్ళూ ఉండరు. తాతకి సైరన్ మోగలేదు ఇన్‌స్పెక్టర్ గారూ. ఆయన తీరిగ్గా రీళ్ళు తుడుచుకుంటూ ఉండి ఉంటాడు."

ఇన్‌స్పెక్టర్ పుస్తకం మూశాడు, మళ్ళీ తెరిచాడు. రాయలేదు.

నేను మేనేజరు వైపు తిరిగాను. "ఈ నాలుగో పంక్తి ఎవరు రాశారు?"

"పాత కోడు మేడమ్. ఎన్నో చేతులు మారింది."

"తేదీ పక్కనే ఉందిగా. మూడేళ్ళ క్రితం మార్చారు. అప్పుడు మేనేజరు ఎవరు?"

"నా ముందాయన."

"మీరేం చేసేవారు?"

"ప్రోగ్రామింగులో ఉండేవాణ్ణి. ఒకసారి చేయాల్సిన గది వాయిదా పడితే, తరవాతసారి దాన్ని కూడా కలిపి చేద్దామనుకున్నాం. గ్యాసు పంక్తి మార్చాక పని ఆగిపోయింది. సైరన్, లాగ్ అలాగే ఉండిపోయాయి. ఎవరూ వాడరు కదా అని వదిలేశాం."

"సగం మార్చి వదిలేశారు."

"అవునండి. తప్పే."

అంత తేలిగ్గా తప్పు ఒప్పుకుంటే నాకు అనుమానం ఇంకా పెరిగింది. ఈలోగా ఇన్‌స్పెక్టర్ తేరుకున్నాడు.

"మూడో గది పడుతుందని ఒప్పుకుంటాను. కానీ ఇచ్చిందెవరు? ఫారంలో రెండు పెట్టెలే ఉన్నాయి, మూడో నంబరు వేయడానికి చోటే లేదు. ఆ ఫారం నింపింది మీ అమ్మాయి. మూడోది ఇవ్వాలంటే ప్రోగ్రాములు తెలిసినదే ఇవ్వాలి. అప్పుడూ మీ అమ్మాయే దొరికింది."

"ఈ ఫంక్షన్‌ని పిలిచే చోటు ఇంకా చూడలేదు. పది నిమిషాలివ్వండి."

"రెండూ యాభై ఆరు. మూడింటికి నేనే స్వయంగా నొక్కి చూస్తానని పొద్దునే రాసిపెట్టాను. రెండుకీ అయిదుకీ కొత్త సిలిండర్లు బిగించారు. ఆ గదులు ఖాళీ, నేనే చూసి తాళం వేసి వచ్చాను. మంగళవారం ఆ పిల్ల చేసినట్టే చేస్తాను. రెండే ఖాళీ అయితే ఫారం నుంచి మూడోది వెళ్ళదని తేలిపోతుంది. మూడున్నరకి జీపు బయల్దేరుతుంది."

"నేను చదవడం పూర్తయ్యేదాకా నొక్కకండి."

"మీరు చదివేదాకా ఆగితే రేపవుతుంది."

"నేను వెళ్ళి మంచినీళ్ళు పంపిస్తాను," అని మేనేజరు బయటికి నడిచాడు. అప్పుడు టైము రెండూ యాభై ఏడు. అది నాకు గుర్తుంది, ఎందుకంటే ఇన్‌స్పెక్టర్ దాన్ని కూడా రాసుకున్నాడు.

నేను పక్క కంప్యూటర్లో కూర్చుని వెతికాను. ఫారంలో బటన్ నొక్కితే ఏ పంక్తి నడుస్తుందో అది కావాలి నాకు. దొరికేసరికి ఒక నిమిషం మిగిలింది. రిలీజ్ అన్న పేరు, పక్కన బ్రాకెట్, బ్రాకెట్లో మూడు చుక్కలు, చుక్కల వెనక ఒక జాబితా.

మూడు చుక్కలంటే, జాబితాలో ఎన్నుంటే అన్నింటినీ విడివిడిగా పరిచి ఫంక్షన్‌కి అందించమని. ఎన్నో పిలిచేవాడికి తెలియనక్కరలేదు. జాబితాలో మొదటి రెండూ ఫారంలోంచి వస్తాయి. వాటి వెనక వాయిదా గదులన్న ఫైల్లో ఉన్నవి వచ్చి చేరతాయి. మంగళవారం మా పిల్ల రెండంకెలు వేసింది. వెళ్ళింది ఎన్నో దానికి తెలియదు.

వాయిదా గదుల ఫైలు తెరిచాను. రెండే పంక్తులు.

ఏడు. మంగళవారం, పదీ యాభై రెండు. పక్కన అయిపోయినట్టు గుర్తు.

తొమ్మిది. గురువారం, ఒంటిగంటా నలభై ఎనిమిది. గుర్తు లేదు.

గురువారం అంటే ఇవాళ. తొమ్మిదో గదిలో ఎవరున్నారో నా బుర్రకి ఎక్కడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ క్షణంలోనే నా వెనక బటన్ టక్కుమంది.

"మూడయింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

రెండో గదిలో, అయిదో గదిలో సైరన్లు లేచాయి. వేలితో తెర చూపించాను. ఆయన చదివాడు.

"అది మా కానిస్టేబులు ఉన్న గది," అన్నాడు.

"ఆపండి."

తెర మీద స్టాప్ అన్న బటన్ ఉంది. దాని మీద నాలుగుసార్లు నొక్కాడు. సైరన్లు రెండూ ఒక్కసారే ఆగిపోయాయి. తెర మీద పచ్చటి అక్షరాలతో ఆపబడింది అని వచ్చింది. ఆయన కుర్చీలో కూలబడి ఊపిరి వదిలాడు. నేనూ వదలబోయాను.

ఆ స్టాప్ ఫంక్షన్ రిలీజ్ కిందే ఉంది. ఇందాక కళ్ళ ముందు నుంచి పోనిచ్చాను. ఇప్పుడు చదివాను. దాని బ్రాకెట్లో కూడా రెండే పేర్లు. అది మాత్రం మూట విప్పదు. జాబితా మొత్తం ఇచ్చినా మొదటి రెండూ తీసుకుని, మిగతావి వచ్చాయన్న మాట కూడా పట్టించుకోదు. రెండు ఆగింది, అయిదు ఆగింది. తొమ్మిది ఆగలేదు.

"ఫోన్ చెయ్యండి, తలుపు బద్దలు కొట్టుకునైనా బయటికి రమ్మనండి," అన్నాను.

ఆయన డయల్ చేశాడు. మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. ఆ ఫోన్ గది బయట బల్ల మీద ఉందని ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. ఆయన చేతిలోది వదిలేసి తలుపు వైపు పరిగెత్తాడు. తొమ్మిదో గది పై అంతస్తులో చివర. ముప్ఫై సెకన్లలో పది అప్పటికే పోయాయి.

పరిగెత్తి లాభం లేదు. నేను కంప్యూటర్ ముందే ఉండిపోయాను. స్టాప్ అన్న నాలుగక్షరాలు రెండుసార్లు తప్పు కొట్టాను. చెరిపి మళ్ళీ కొట్టాను. బ్రాకెట్ తెరిచి తొమ్మిది ఒక్కటే వేశాను. రెండోది ఏం వేయాలో ఆలోచించే టైము లేదు. వేయలేదు. బ్రాకెట్ మూసి నొక్కాను.

ఎర్ర అక్షరాలతో ఒక పంక్తి వచ్చింది. గది దొరకలేదు.

మా అక్క గొంతు చెవిలో వినబడింది. మళ్ళీ కొట్టబోయి ఆగాను. దొరకనిది ఏ గది? నేను రెండో గది ఇవ్వలేదు. ఇవ్వనిదాన్ని లేదనుకుని, ఆ లేనిదాన్ని వెతకబోయి దొరకలేదంటోంది. మొదటిది ఆ పాటికి చేసి ఉంటుంది. చేసి ఉండాలి. అలా అని నాకు నేనే చెప్పుకుంటూ గోడ గడియారంకేసి చూస్తూ కూర్చున్నాను. సెకన్ల ముల్లు అరవై దగ్గరికి వచ్చేదాకా ఊపిరి తీసుకున్నానో లేదో తెలియదు.

మెట్లెక్కి ఎలా వెళ్ళానో కూడా తెలియదు. తొమ్మిదో గది తలుపు బార్లా తెరిచి ఉంది. ఇన్‌స్పెక్టర్ గుమ్మం పట్టుకుని రొప్పుతున్నాడు. లోపల కానిస్టేబులు లేచి నిలబడి ఆయన్ని గుడ్లప్పగించి చూస్తోంది. మా పిల్ల అదే కుర్చీలో, అదే ముడుచుకున్న కాళ్ళతో ఉంది. గాలి మామూలుగానే ఉంది. ఆ పిల్లని పట్టుకుని చూశాను. వెచ్చగా ఉంది. అప్పుడు ఏడ్చాను, ఇన్‌స్పెక్టర్ చూస్తున్నాడని కూడా చూసుకోలేదు.

"ఏమైంది పిన్నీ?"

ఇన్‌స్పెక్టర్ పుస్తకం తీశాడు. పేజీలు వెనక్కి తిప్పాడు.

"తొమ్మిది ఎప్పుడు చేరిందన్నారు?"

"ఒంటిగంటా నలభై ఎనిమిది."

"నలభైకి ఈ అమ్మాయిని ఇక్కడికి తెచ్చాం. అప్పటి నుంచి కంప్యూటర్ దగ్గరికి వెళ్ళలేదు. నేను మూడింటికి నొక్కుతానని పొద్దున ఒక్కరికే చెప్పాను." పేజీ మీద వేలు ఆగింది. "అమ్మాయిని ఉంచడానికి గది కావాలంటే, తొమ్మిది ఖాళీగా ఉంది అన్నదీ ఆయనే. తాళం ఆయనే తీసిచ్చాడు."

"తాతకి కాగితం అందింది మంగళవారం పదీ నలభైకి," అన్నాను. "అది తీసుకుని వెళ్ళింది ఆయన గదికే. పన్నెండు నిమిషాల తరవాత ఏడు జాబితాలో చేరింది. రీళ్ళు మాయం చేసిందెవరో ఆ కాగితంలో ఉండి ఉంటుంది. అది తీసిచ్చానని సాక్ష్యం చెప్పగల మనిషి ఇది ఒక్కతే."

ఇన్‌స్పెక్టర్ బయట బల్ల మీదున్న ఫోన్ తీసుకుని గేటుకి చేశాడు. అవతలివాళ్ళు చెప్పింది వింటూ కళ్ళు మూసుకున్నాడు. మేనేజరు కారు రెండూ యాభై తొమ్మిదికి గేటు దాటిందట. నంబరు చెప్పి అన్ని దారుల్లోనూ ఆపమన్నాడు. తరవాత నా వైపు తిరిగాడు.

"జీపు వద్దని చెబుతాను," అన్నాడు. క్షమించమని అనలేదు. నేనూ ఎదురుచూడలేదు.

మా పిల్ల ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. తెలివైన పిల్ల. ఒకసారి చెబితే చాలు, మిగతాది అదే పేర్చుకుంటుంది. చిన్నప్పటి నుంచీ అంతే. దానికి ఇప్పుడు ఆ తెలివి లేకపోతే బాగుండునని నాకు అనిపించింది.

"ఏడు ముందే జాబితాలో ఉందన్నమాట," అంది.

"ఉంది."

"నేను నొక్కితేనే కదా అది కదిలింది. నేను నొక్కకపోతే జాబితా అలాగే ఉండేది."

నేను దాని భుజం మీద చెయ్యి వేశాను.

"సైరన్ మోగి ఉంటే తాత బయటికి వచ్చేవాడా?"

ఏడో గదిలో తాత బల్ల నుంచి తలుపుకి ఎనిమిదడుగులు. మెల్లగా నడిచినా పది సెకన్లు. అబద్ధం చెబుదామనుకుని మానుకున్నాను.

"వచ్చేవాడే."

అది తన కుడిచెయ్యి చూసుకుంది. చూపుడువేలు ఒక్కటే విడిగా చాపి, మళ్ళీ పిడికిట్లోకి ముడుచుకుంది. ఇన్‌స్పెక్టర్ పుస్తకం జేబులో పెట్టుకుని లోపలికి వచ్చాడు. పన్నెండు కుర్చీల్లో దాని పక్క కుర్చీ ఎంచుకుని కూర్చున్నాడు.

"మూడింటికి నేనూ నొక్కానమ్మా," అన్నాడు. "నీ మీదికే నొక్కాను. నాకూ తెలియదు."

దానికి అప్పుడు ఏడుపొచ్చింది. ఆపమని ఈసారి నేను అనలేదు.